గొంతు వినిపించకూడని సాక్షి

2023 కార్తీక మాసం. ఫిల్మ్ నగర్‌లో మెయిన్ రోడ్డు దిగి లోపలి సందులోకి తిరిగితే మా డబ్బింగ్ స్టూడియో. కింద అంతస్తులో ఒక ప్రొడక్షన్ ఆఫీసు, పైన మేము. గేటు ముందు ఎప్పుడూ ఏదో ఒక షూటింగ్ వ్యాను అడ్డంగా నిలబడి ఉంటుంది, దాని డ్రైవరు ఎప్పుడూ టీకి వెళ్ళి ఉంటాడు. ఆ స్టూడియోలో నేను డబ్బింగ్ ఇన్‌చార్జిని. తెర మీద ఎవరో పెదాలు కదిపితే వాటికి ఎవరి గొంతు సరిపోతుందో వెతికి, ఆ మనిషిని మైకు ముందు నిలబెట్టి, మాట పెదవికి అతికేదాకా ప్రాణం తీయడం నా ఉద్యోగం. నా పేరు సుగుణ. సుగుణకి నోరెక్కువ అని ఇండస్ట్రీలో పేరుంది. ఉన్నమాటే.

మా సౌండ్ ఇంజినీర్ శ్రీశైలం టోలిచౌకి నుంచి వస్తాడు. ఏటా కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుంటాడు. నల్లబట్టలు, నుదుట విభూతి, చెప్పుల్లేని కాళ్ళు. మాలలో ఉన్న మనిషిని స్వామీ అని పిలవాలి, అతను ఆడవాళ్ళందరినీ మాతా అంటాడు. స్వామిని తిట్టకూడదు. అందుచేత ఆ మండలం రోజులూ అతనికన్నా కఠినమైన దీక్ష నాది. ఏసీకి గచ్చు మంచులా ఉంటుందని అతని కుర్చీ కింద నేనే ఒక చాప వేయించాను.

ఆ రోజుల్లో నీలిమ అనే అమ్మాయి మా దగ్గరికి వచ్చింది. జూబ్లీహిల్స్‌లో వాళ్ళ ఆఫీసు. ఏ దేశంలోనైనా మతం పేరు మీద మనుషుల్ని వేధిస్తుంటే ఆ బాధితుల మాటలు సేకరించి, ప్రభుత్వాల ముందు, అంతర్జాతీయ సభల ముందు పెట్టే సంస్థ ఒకటి విదేశంలో ఉందనీ, తాను వాళ్ళకు ఇక్కడ పనిచేస్తున్నాననీ చెప్పింది. నాలుగైదు దేశాల బాధితుల సాక్ష్యాలతో వాళ్ళు ఒక చిన్న సినిమా తీశారు. చాలా భాషల్లో ఒకేరోజు విడుదల చేస్తారట. తెలుగులో కూడా కావాలి, కాలేజీ లెక్చరర్లకు చూపించాలి.

"ఇలాంటివి చూపిస్తే ఏమవుతుందమ్మా?" అని అడిగాను. నాకు మనసులో మాట దాచుకోవడం రాదు.

"ఒక్కోసారి ఏమీ అవ్వదు మేడం. ఒక్కోసారి ఎవరో ఒక మంత్రిని ఎవరో ఒక సభలో నిలదీస్తారు, జైల్లోంచి ఒకరిద్దరు బయటికొస్తారు. ఆ ఒకరిద్దరి కోసమే" అంది.

సినిమాలో మిగతా వాళ్ళందరూ మొహం చూపించి, సొంత గొంతుతోనే మాట్లాడారు. ఒక్కామె మాత్రం చీకట్లో కూర్చుంది. నీడ తప్ప ఏమీ కనిపించదు. ఆమె పేరు మాకు చెప్పలేదు, స్క్రిప్టులో 'సాక్షి' అని ఉంది. ఆమె దేశం పేరు, మతం పేరు నేనూ ఇక్కడ రాయను. అక్కడ వాళ్ళది చిన్న మతం. ప్రార్థనా మందిరానికి తాళం వేశారు. నలుగురు చేరి ప్రార్థన చేస్తే నేరమన్నారు. ఆమె భర్త ఒక పెళ్ళిలో ఆశీర్వచనం చదివినందుకు జైలుకు వెళ్ళి అక్కడే పోయాడు. ఆమె ఎలాగో సరిహద్దు దాటింది. తమ్ముడు మాత్రం ఇంకా ఆ ఊళ్ళోనే ఉన్నాడు. సాక్ష్యం చెప్పింది ఈమేనని అక్కడి వాళ్ళకు తెలిస్తే తమ్ముణ్ణి పట్టుకుపోతారు. అందుకే ఇంగ్లీషు సినిమాలో ఆమె మాటలు ఇంకెవరో నటి చదివింది.

ఆ నటి చదివిన తీరు రేడియోలో వాతావరణ వార్తల్లా ఉంది. ఆ సంగతి వాళ్ళకూ తెలుసు. అందుకని డబ్బింగ్ ఆర్టిస్టు వినడానికి మాత్రమే అని సాక్షి అసలు గొంతును పైలట్ ట్రాకుగా పంపించారు. పైలట్ అంటే ముందు మాట్లాడిన మనిషి గొంతు. ఆర్టిస్టు దాన్ని హెడ్‌ఫోన్స్‌లో వింటూ, ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి అని పట్టుకుంటుంది. ఆ గొంతు మా థియేటరు దాటి బయటికి వెళ్ళకూడదని నీలిమ మరీ మరీ చెప్పింది.

ఆ పాత్రకు పద్మజను పిలిచాను. ఎందరో హీరోయిన్లకు గొంతిచ్చిన మనిషి. భర్త గుడిలో అర్చకులు, కాపురం మధురానగర్‌లో. భర్త జైల్లో పోయాడన్న వాక్యం రాగానే పద్మజ గొంతు బొంగురుపోయింది, వెక్కిళ్ళు వచ్చాయి. మన సినిమాల్లో అలవాటు అది. మొగుడు పోతే వెక్కిళ్ళు పడాల్సిందే.

"పద్మజా, ఏడవకు" అన్నాను అద్దానికి ఇవతల నుంచి టాక్‌బ్యాక్ మైకులో.

"ఏడవకపోతే ఎలా అక్కా? మొగుడు పోయాడు కదా!"

"ఆవిడ ఏడ్చిందా?"

పద్మజ పైలట్ మళ్ళీ పెట్టించుకుని కళ్ళు మూసుకుని వింది. చేతిలో ఇంగ్లీషు తర్జుమా ఉంది. కళ్ళు తెరిచి, "లేదక్కా. నవ్వింది. ఆయన ఆశీర్వచనం మధ్యలో మర్చిపోయాడట, పక్కన కూర్చుని ఈవిడే అందించిందట. అది చెబుతూ కొంచెం నవ్వింది. ఆ నవ్వుతోనే జైలు సంగతికి వచ్చేసింది" అంది. తర్వాత, "మా ఆయనా అంతే. కల్యాణాల్లో నేను వెనకనుంచి అందించాల్సిందే" అంది.

ఆ తర్వాత తీసిన టేకులో వెక్కిళ్ళు లేవు. ఇన్నేళ్ళ సర్వీసులో అంత మంచి టేకు నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని కూడా వినలేదు.

మిక్సింగు శ్రీశైలం పని. డాక్యుమెంటరీలకు మేము వాడేది వాయిస్ ఓవర్ పద్ధతి. ముందు ఒక వాక్యం అసలు మనిషి గొంతు నిండుగా వినిపిస్తుంది. తర్వాత దాన్ని అడుగుకు దించి పైన తెలుగు ఎత్తుతాం. అడుగున అసలు గొంతు సన్నగా నడుస్తూనే ఉంటుంది. అలా ఉంటేనే చూసేవాడికి నమ్మకం. సినిమా మొత్తం అలాగే చేశాడు. గదిలో ఫ్యాను రొద ఉంటే శుభ్రం చేశాడు, మాటలు తేటగా వచ్చేలా సరిచేశాడు. మిక్స్ అయ్యాక నేను విన్నాను. నీలిమ వింది, "సూపర్ మేడం" అంది. ఫైలు సంస్థ సర్వర్లోకి ఎక్కించేశాం. మర్నాడు మధ్యాహ్నం జూబ్లీహిల్స్‌లో ఒక ప్రివ్యూ థియేటర్లో లెక్చరర్లకు షో. ఆ సాయంత్రమే అన్ని భాషల్లోనూ లోకమంతటికీ విడుదల.

మర్నాడు పొద్దున పద్మజ వేరే సినిమా డబ్బింగుకు వచ్చింది. హీరో ఇంకా రాలేదు, ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. "అక్కా, ఖాళీగానే ఉన్నాం కదా, నా బిట్ ఒకసారి పెట్టు" అంది. పెద్ద స్పీకర్లలో పెట్టాను. తెర మీద చీకట్లో నీడ. మొదటి వాక్యం వినిపించింది. ఎక్కడో కొండ ప్రాంతపు యాస, మెత్తగా, చివర కొంచెం నవ్వు.

పద్మజ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఆపు. ఆపక్కా."

"ఏంటే?"

"ఇది ఆవిడ గొంతు."

"అవును, పైలట్. వాయిస్ ఓవర్‌లో ముందు అసలు గొంతే కదా..." అంటూనే ఆగిపోయాను.

మొహం చీకట్లో పెట్టుకుని, పేరు దాచుకుని వచ్చిన మనిషి గొంతును మేము శుభ్రంగా తుడిచి, తేటపరిచి, నిండుగా వినిపించేశాం! మొహం తెలియకపోయినా గొంతు వింటే ఇరుగుపొరుగు గుర్తుపట్టరా? తప్పు ఎవరిదంటే ఏం చెప్పను? నేను విన్నాను, శ్రీశైలం విన్నాడు, నీలిమ విన్నది. డాక్యుమెంటరీ అంటే అలాగే ఉంటుంది కాబట్టి ఎవరి చెవికీ తేడా తగల్లేదు. ఒక రోజంతా ఆ గొంతు వెంట నడిచిన పద్మజకు మాత్రం తగిలింది.

నీలిమకు ఫోన్ చేశాను. విషయం చెప్పాను.

"మేడం... పొద్దున్నే లింక్ పంపించేశాను."

"ఎవరికి?"

"లెక్చరర్లందరికీ. ముందే ఒకసారి చూసి వస్తే డిస్కషన్ బాగుంటుందని గ్రూప్‌లో పెట్టాను. అందులో చాలామంది ఉన్నారు మేడం. వాళ్ళు ఎవరికి ఫార్వర్డ్ చేశారో..." ఆ పిల్ల ఏడవడం మొదలుపెట్టింది.

"ఏడుపు తర్వాత. ముందు ఆ లింకు తీయించు. ఎవరెవరు చూశారో తెలుస్తుందా?"

"హెడ్ ఆఫీస్‌కే తెలుస్తుంది మేడం. అక్కడ ఇప్పుడు తెల్లవారలేదు. లేపుతాను."

ఆమె వాళ్ళను లేపే పనిలో ఉండగా నేను శ్రీశైలానికి ఫోన్ చేశాను. స్విచ్ఛాఫ్. పొద్దున వాళ్ళ గురుస్వామి ఇంట్లో పడిపూజ ఉందని ముందే చెప్పి సెలవు పెట్టాడు. ఆ మిక్స్‌లో ఏ ట్రాకు ఎక్కడ పెట్టాడో అతనికే తెలుసు. వేరే ఇంజినీర్ని కూర్చోబెడితే వెతుక్కోవడానికే పూట గడుస్తుంది. పద్మజను స్టూడియోలో ఉంచి ఆటో ఎక్కాను.

ఆటోలో కూర్చున్నంతసేపూ ఆ తమ్ముడే కళ్ళముందు. నేను అతన్ని చూడలేదు, పేరు తెలియదు. అయినా ఒక మనిషి పొద్దున లేచి మొహం కడుక్కుని దుకాణానికి వెళ్తున్నట్టు, వెనక ఒక జీపు ఆగినట్టు కనిపిస్తూనే ఉంది. ఒక్క వాక్యం. అందులో నా ఊరు, నా పేరు అని ఏమీ లేదు. గొంతు ఉంది, చాలదా! భయమేసింది. ఎన్నో సినిమాలు రిలీజు రోజు దాకా గొడవలు పడుతూ చేశాను గానీ, నా పని వల్ల ఒక మనిషి ప్రాణం మీదికి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

"జర జల్దీ పోనియ్ బాబూ" అన్నాను. ముప్పై ఏళ్ళ హైదరాబాదు నా తెనాలి నోటికి ఆ మాత్రం నేర్పింది.

"ఏడికి పోనియ్యాలమ్మా, గీ ట్రాఫిక్ల ఎగిరిపోవాల్నా?" అన్నాడు ఆటో అతను. షేక్‌పేట దగ్గర నిజంగానే ఎగిరిపోవాలనిపించింది.

టోలిచౌకిలో గురుస్వామి ఇల్లు కనుక్కోవడానికి కష్టపడలేదు. వీధి మొదట్లోంచే మైకు వినిపిస్తోంది. ఇంటి ముందు షామియానా వేసి, పద్దెనిమిది మెట్లు కట్టి, వాటి మీద దీపాలు పెట్టారు. నల్లబట్టల స్వాములు వీధి దద్దరిల్లేలా శరణుఘోష చేస్తున్నారు. ఎదురుగా బిర్యానీ హోటలతను తన కుర్చీలు కొన్ని తెచ్చి షామియానా కింద వేయిస్తున్నాడు. శ్రీశైలం ముందు వరసలో కళ్ళు మూసుకుని, గొంతు పగిలేలా పాడుతున్నాడు. పూజ మధ్యలో చొరబడి లాక్కురావడానికి నా నోటికి కూడా ధైర్యం చాలలేదు. చెప్పులు విడిచి పక్కన నిలబడ్డాను.

అప్పుడు నీలిమ ఫోను. ఆ మైకు హోరులో ఒక్క ముక్క వినపడలేదు. రెండో చెవి మూసుకుని గోడ వారకు వెళ్ళాను.

"మేడం... పాస్‌వర్డ్!"

"ఏంటీ?"

"లింక్‌కి పాస్‌వర్డ్ ఉంది మేడం! నేను లింక్ పంపాను గానీ పాస్‌వర్డ్ పంపడం మర్చిపోయాను! పొద్దున్నుంచీ గ్రూప్‌లో అందరూ తిడుతున్నారు. ఓపెన్ అవ్వట్లేదు మేడం, ఓపెన్ అవ్వట్లేదు మేడం అని. షో పనుల్లో పడి గ్రూప్ చూడనేలేదు. హెడ్ ఆఫీస్ కూడా చెక్ చేసింది. నేను తప్ప ఎవ్వరూ ఓపెన్ చెయ్యలేదు. ఇప్పుడు ఫైల్ కూడా తీసేశారు!"

ఏమని జవాబిచ్చానో గుర్తులేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాను, కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి, మరోపక్క నవ్వు ఆగడం లేదు. లెక్చరర్లకు లింకు తెరుచుకోలేదన్న మాట నా జీవితంలో విన్న అత్యంత మధురమైన వార్త. నన్ను చూసి పెద్దాయన గురుస్వామి మెల్లగా దగ్గరికి వచ్చారు. నాకు భక్తి పొంగిందనుకున్నట్టున్నారు.

"ఏమైంది మాతా? ఫికర్ చెయ్యకు. అంత ఆయనే చూసుకుంటడు" అని నా చేతిలో ఇంత విభూతి పెట్టారు.

"ఇప్పుడే చూసుకున్నాడండీ" అన్నాను. విభూతి పెట్టుకున్నాను.

పూజ అయిన తర్వాత శ్రీశైలాన్ని పక్కకు పిలిచి చెప్పాను.

"మాతా, గామె తమ్మునికి ఏమన్నైతే నేనేం జేద్దును? నేనే గదా పైలట్ తెరిసి పెట్టింది. అందరిదీ తెరిసిన, ఆమెది గూడ తెరిసిన. అసలు సోచాయించనేలేదు."

"ఏమీ కాలేదు స్వామీ. నేను విన్నాను కదా, నాకూ తోచలేదు. ఇక పద, నువ్వు మాలలో ఉన్నావు కాబట్టి బతికిపోయావు" అన్నాను. అతనికి కొంచెం నవ్వు వచ్చింది.

భిక్షకు కూడా కూర్చోకుండా నాతో వచ్చేశాడు. స్టూడియోలో పైలట్ ట్రాకును సాక్షి భాగం మొత్తంలోంచి తీసేశాడు. ఇప్పుడు చీకట్లో నీడ కనిపించగానే నేరుగా పద్మజ గొంతే వస్తుంది. నేనూ పద్మజా హెడ్‌ఫోన్స్‌లో మార్చి మార్చి విన్నాం. అడుగున ఏమీ లేదు. పాత మిక్సును, పైలట్ ఫైలును, అప్పటికి స్టూడియోకి వచ్చిన నీలిమ కళ్ళెదుటే చెరిపేశాడు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. అవలేదు. ఇలాంటిది ఏదైనా జరిగితే, ప్రమాదం తప్పినా సరే, సాక్షికి చెప్పి తీరాలన్నది ఆ సంస్థ నియమమట. వింటే ఆమె తన సాక్ష్యం మొత్తాన్నీ వెనక్కి తీసుకోవచ్చు. ఆమె ఒప్పుకునేదాకా తెలుగు సినిమాలో ఆ భాగం వేయకూడదు.

"తప్పిపోయింది కదా. ఇప్పుడు ఆవిడ్ని భయపెట్టడం ఎందుకు?" అన్నాను.

"గొంతు ఆమెది మేడం. ఏమైందో తెలుసుకునే హక్కు కూడా ఆమెదే" అంది నీలిమ. పొద్దున ఏడ్చిన పిల్ల ఈ మాట మాత్రం తొణక్కుండా చెప్పింది.

షో మొదలైంది. లెక్చరర్లు లోపల కూర్చున్నారు. సాక్షి భాగం అన్నిటికన్నా చివర ఉంది కాబట్టి కొంత వ్యవధి ఉంది. నేనూ పద్మజా నీలిమా ప్రివ్యూ థియేటరు బయట మెట్ల మీద కూర్చున్నాం. శ్రీశైలం లోపల ప్రొజెక్షన్ గదిలో సినిమా చివరికి రెండు ఫైళ్ళు సిద్ధంగా పెట్టుకుని ఉన్నాడు, ఆ భాగం ఉన్నదొకటి, లేనిదొకటి. సాక్షికి జరిగింది చెప్పి, పద్మజ గొంతుతో ఉన్న ముక్క వినిపించారట. జవాబు సంస్థ ద్వారా నీలిమ ఫోన్‌కు మెసేజ్‌గా రావాలి.

మొదట వచ్చింది జవాబు కాదు, ప్రశ్న. నీలిమ చదివి పద్మజ వైపు చూసింది.

"నా మాటలు చెప్పిన ఆవిడ దేవుణ్ణి నమ్ముతారా అని అడుగుతున్నారు."

"నమ్ముతానని చెప్పు. మా ఆయన అర్చకులని చెప్పు" అంది పద్మజ.

మళ్ళీ మెసేజ్ వచ్చింది. ఈసారి నీలిమ పైకి చదివింది. "ఆవిడ ఇంట్లో పైకి వినపడేలా ప్రార్థన చేసుకుంటారా? మేము కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో చేసుకునేవాళ్ళం. ఇక్కడికి వచ్చి ఇంత కాలమైనా నాకు కుళాయి తిప్పందే నోట్లోంచి మాట రావడం లేదు."

పద్మజ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తర్వాత, "రాయమ్మా" అంది. "రోజూ పొద్దున్నే గొంతెత్తి స్తోత్రాలు చదువుకుంటానని రాయి. నిద్ర చెడగొడుతున్నానని పక్కింటావిడ రోజూ విసుక్కుంటుందని కూడా రాయి."

నీలిమ రాసింది. లోపల ఎవరి సాక్ష్యమో అయిపోయి ఇంకొకరిది మొదలైంది. అప్పుడు వచ్చింది జవాబు.

"విసుక్కుంటుందా? అంతేనా? ఇంకేమీ చెయ్యదా?" అని ముందు రాసి, దాని కింద, "అయితే నా మాటలు ఆవిడ గొంతులోనే ఉండనివ్వండి" అని రాసింది.

నీలిమ మెట్లెక్కి ప్రొజెక్షన్ గదిలోకి పరుగెత్తింది. కాసేపటికి తలుపు సందులోంచి పద్మజ గొంతు వినిపించింది, భర్త ఆశీర్వచనం మర్చిపోయిన చోట చిన్న నవ్వుతో. నా గుండెల మీంచి పెద్ద బరువు దిగింది.

గొంతును నలుగురికీ వినిపించడమే నా వృత్తి అని అంతవరకు అనుకునేదాన్ని. ఒక గొంతును ఎవరికీ వినపడకుండా కాపాడటం కూడా నా పనేనని ఆ సంఘటన నేర్పింది. ఇప్పుడు మా స్టూడియోలో మొహం దాచిన మనిషి ఎవరు వచ్చినా, వాళ్ళ పైలట్ మిక్సింగ్ గదిలోకి అడుగుపెట్టదు. ఇది వృత్తికి సంబంధించిన పాఠం. రెండోది నాది. మన దగ్గర మతం గొడవలు లేవని అనను, పేపరు నేనూ చదువుతాను. కానీ గట్టిగా దేవుణ్ణి పిలిస్తే పక్కింటావిడ విసుక్కోవడం తప్ప ఇంకేమీ జరగకపోవడం అంత పెద్ద సంగతని, ఆ మెట్ల మీద కూర్చున్న రోజు దాకా నాకు తెలియదు.